సరుకు ఆగితే నష్టమెవరిది? జెర్సీ సిటీ అంగళ్ల నుంచి ఆసియా వర్తకంపై ఒక పరిశీలన

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ స్టేషన్‌కు దగ్గరలో, కెనెడీ బులెవార్డుకూ టనెలీ అవెన్యూకూ మధ్య నెవార్క్ అవెన్యూ మీద సాగే అంగళ్ల వరుసకు ఇండియా స్క్వేర్ అని పేరు. 2010 జనగణన ప్రకారం ఆ ఊరి జనాభా 2,47,597. అందులో 27,111 మంది, అంటే 10.9 శాతం, భారత సంతతివారు. 1987లో 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న మూక ఒకటి భారతీయులను వెళ్లగొడతామని స్థానిక పత్రికకు ఉత్తరం రాసి దాడులకు దిగిన ఊరు కూడా ఇదే. ఆ భయాన్ని దాటి నిలిచిన ఈ వీధిలో ఇవాళ సోనా మసూరి బస్తాలు, గుంటూరు కారం, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, వేసవిలో కొద్ది వారాలపాటు మామిడిపండ్ల పెట్టెలు దొరుకుతాయి. పగలంతా ఎక్స్ఛేంజ్ ప్లేస్ ఆఫీసుల్లో పనిచేసి సాయంత్రం ఇక్కడ సరుకులు కొనుక్కొనే తెలుగువారికి ఇది బాగా అలవాటైపోయింది. బియ్యం బస్తా అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న, అది దొరకని రోజున తప్ప ఎవరికీ తట్టదు.

అలాంటి రోజు 2023 జులైలో వచ్చింది. అప్పటినుంచి 25 నెలల్లో ఈ సరఫరాకు నాలుగు చోట్ల దెబ్బ తగిలింది. మొదటిది భారత ప్రభుత్వం బియ్యం ఎగుమతిపై పెట్టిన నిషేధం. రెండవది ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు. మూడవది అమెరికా తూర్పుతీరపు రేవుల్లో సమ్మె. నాలుగవది 2025 ఆగస్టులో భారతదేశపు సరుకులపై అమెరికా విధించిన సుంకాలు. నాలుగింటి కారణాలూ వేరు, నాలుగూ తగిలిన చోట్లూ వేరు. కనుకనే, ఆసియా దేశాలతో వర్తకం ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి ఇవి కలిసి మంచి ఉదాహరణగా పనికివస్తాయి.

పెరుగుతున్న ఆసియా ఆర్థికవ్యవస్థల నుంచి సరుకు తెప్పించడం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వినిపించే ప్రశ్న, ఎక్కడ చవక అన్నది. ఈ 25 నెలల అనుభవం అంతకంటె ముందు వేసుకోవలసిన ప్రశ్నను చూపిస్తుంది: సరుకు మధ్యలో ఆగితే నష్టాన్ని ఎవరు మోస్తారు? దానికి జవాబు కొంత ఒప్పందపత్రంలో ఉంటుంది, కొంత చట్టంలో ఉంటుంది. మిగిలినదంతా, ప్రత్యామ్నాయం ఎవరికి ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇనుప పెట్టె, రేవు

సముద్ర వర్తకాన్ని మార్చివేసిన కంటెయినర్ మొదటి ప్రయాణం జెర్సీ సిటీకి పొరుగునే మొదలయింది. 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ నెవార్క్ రేవు నుంచి 58 కంటెయినర్లతో హ్యూస్టన్‌కు బయలుదేరింది. దాని వెనుక ఉన్న మాల్కం మెక్లీన్ ఓడల మనిషి కాదు, లారీల వ్యాపారి. విడి సరుకును కూలీలతో ఓడకెక్కించడానికి అప్పట్లో టన్నుకు దాదాపు 6 డాలర్లు అయితే, పెట్టెలో పెట్టి ఎక్కించినప్పుడు అది 16 సెంట్లకు పడిపోయింది. 1962లో పక్కనే ఎలిజబెత్‌లో కంటెయినర్ల కోసమే కట్టిన రేవు తెరుచుకుంది. 2017లో పెద్ద ఓడలు లోపలికి రావడానికి వీలుగా బేయాన్ వంతెన కింది ఎత్తును 151 అడుగుల నుంచి 215 అడుగులకు పెంచారు.

20 అడుగుల కంటెయినర్‌లో సుమారు 20 టన్నుల బియ్యం పట్టుకుంటుందనుకుంటే, 20 పౌండ్ల బస్తాలు రెండువేలకు పైగా అవుతాయి. అన్ని బస్తాల మీద పంచితే ఒక్కో బస్తాకు పడే ఓడ ఖర్చు మామూలు రోజుల్లో చిన్నదే. అందుకే ఇండియా స్క్వేర్‌లాంటి వీధులు సాధ్యమయ్యాయి. 1970లో న్యూయార్క్‌లో మొదలైన హౌస్ ఆఫ్ స్పైసెస్, 1974లో షికాగోలో మొదలైన పటేల్ బ్రదర్స్ వంటి సంస్థలు ఈ దారిని వేశాయి. ఆ తర్వాత పెద్దసంఖ్యలో వచ్చిన తెలుగువారు ఎక్కువగా గుజరాతీ వర్తకులు వేసిన ఈ దారిలోనే తమ బియ్యాన్నీ కారాన్నీ అందుకున్నారు. బస్తా మీద కనిపించే పేరు చాలాసార్లు మిల్లుది కాదు, అమెరికాలోని దిగుమతిదారుది. ఆ పేరుకు వ్యాపారపరంగానూ చట్టపరంగానూ ఉన్న బరువు ముందుముందు తెలుస్తుంది.

బియ్యం: నోటిఫికేషన్‌కు తెలియని పేరు

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో బియ్యం చిల్లర ధరలు ఏడాదిలో 11.5 శాతం, ఒక్క నెలలో 3 శాతం పెరిగాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అంతకు మూడురోజుల ముందు నల్లసముద్రపు ధాన్యం ఒప్పందం నుంచి రష్యా తప్పుకుంది. ఎల్ నినో వల్ల వానలు తగ్గుతాయన్న భయమూ తోడయింది. ప్రపంచ బియ్యం వర్తకంలో భారతదేశం వాటా దాదాపు 40 శాతం. ఆ దేశపు బియ్యం ఎగుమతుల్లో నిషేధానికి గురైన రకం నాలుగోవంతు.

ఈ బియ్యానికి ముఖ్యమైన కొనుగోలుదారులు పశ్చిమాఫ్రికా దేశాలు, ఇరుగుపొరుగు ఆసియా దేశాలు. అమెరికాలోని తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు కొనే బియ్యం ఆ లెక్కలో చాలా చిన్న భాగం. కానీ అప్పటి ఎగుమతి నియమాలకు సోనా మసూరి అనే పేరు తెలియదు. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైన బిపిటి-5204 వంటి సన్నరకమైనా, తక్కువ ధరకు అమ్ముడుపోయే మామూలు రకమైనా సుంకాల జాబితాలో ఒకే పద్దు కిందికి వచ్చేవి. దేశంలో సామాన్యుడి బియ్యం ధర తగ్గించడానికి చేసిన నిర్ణయం, మరింత ధర పెట్టి సన్నబియ్యం కొనే ప్రవాసులకు కూడా అలాగే వర్తించింది. అది వారి మీద కక్షతో చేసిందీ కాదు, వారిని దృష్టిలో పెట్టుకొని చేసిందీ కాదు.

నోటిఫికేషన్ వచ్చేనాటికి ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. సముద్రం మీద ఉన్న ఓడలూ అమెరికా గిడ్డంగుల్లోని నిల్వలూ కలిసి కొన్ని వారాలకు సరిపోయేవే. అయినా కొరత మొదట జనం మనసులో పుట్టింది. అమెరికా అంతటా భారతీయ దుకాణాల ముందు వరుసలు కట్టారు. చాలా చోట్ల మనిషికి ఒక్క బస్తా అని పరిమితి పెట్టారు. ధర పెరిగింది. థాయిలాండ్, వియత్నాంలలో కూడా బియ్యం ధర ఆగస్టుకల్లా 15 ఏళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. నిషేధం 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో తొలగింది. మరుసటి నెలలో ఆ షరతూ పోయింది.

వాణిజ్యపాఠ్యాల్లో సరఫరాదారులను పెంచుకోవాలన్నది మొదటి సలహా. భారతదేశం ఇవ్వకపోతే థాయిలాండ్ దగ్గర కొనవచ్చు. ఆహారధాన్యంగా చూస్తే అది నిజమే. అయితే పప్పుచారుతో, పెరుగుతో తినే అన్నానికి థాయిలాండ్ జాస్మిన్ బియ్యం బదులు కాదు. అలవాటైన రుచికి మారుపంట దొరకనప్పుడు ధర ఎంత పెరిగినా కొనేవాడు కొంటూనే ఉంటాడు. అందుకని 2023లో ఆగిన బియ్యపు భారం చాలావరకు జెర్సీ సిటీ వంటింటి మీదే పడింది.

కారం: కాగితం మోసే బాధ్యత

గుంటూరు మిర్చి యార్డులో వర్తకులు సరుకును టిక్కీల్లో లెక్కపెడతారు. తేజ, సన్నం, బాడిగ రకాలను రంగు, ఘాటు, తేమ, తాలు చూసి ధర కడతారు. అక్కడ కంటికి కనిపించేదే ధరను నిర్ణయిస్తుంది. నెవార్క్ రేవులో సరుకును ఆపేవి మాత్రం కంటికి కనిపించనివి: సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి, ఆఫ్లటాక్సిన్ అనే బూజు విషం, పురుగుమందుల అవశేషాలు. కల్లంలో నేలమీద ఆరబోసిన కాయకు మంచు తగిలినా, ఆరకుండానే బస్తాకు ఎత్తినా బూజుకు దారి దొరుకుతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డిఏ తన పరిశీలనలో, 2007–2009 ఆర్థిక సంవత్సరాల మధ్య దిగుమతి అయిన మసాలా దినుసుల సరుకుల్లో 6.6 శాతంలో సాల్మొనెల్లా ఉన్నట్టు లెక్కవేసింది. ఇది ఇతర దిగుమతి ఆహారాల్లో కనిపించినదానికి దాదాపు రెట్టింపు.

2011 జనవరిలో అమెరికాలో ఆహారభద్రతా చట్టం వచ్చింది. దాని కింద విదేశీ సరఫరాదారుల తనిఖీకి చేసిన నియమం 2017 మే నుంచి అమలులోకి రావడం మొదలయింది. అంతకుముందు రేవులో ప్రభుత్వ అధికారి పట్టుకుంటేనే తప్పు బయటపడేది. ఈ నియమం బాధ్యతను దిగుమతిదారు మీద పెట్టింది. తాను తెప్పించే సరుకులో ఏ ప్రమాదాలు ఉండవచ్చో అతను ముందే రాసిపెట్టుకోవాలి. ఎగుమతిదారు వాటిని ఎలా అదుపు చేస్తున్నాడో తనిఖీల ద్వారా, పరీక్షల ద్వారా, రికార్డుల ద్వారా నిర్ధారించుకోవాలి. ఈ పని తెలిసిన అర్హుడిచేత చేయించాలి. అడిగినప్పుడు ఆ పత్రాలు చూపించాలి. చిన్న దిగుమతిదారులకు కొన్ని సడలింపులు ఉన్నాయి కానీ పూర్తి మినహాయింపు లేదు. సరుకు ఓడలో వస్తుంటే రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందు ఎఫ్‌డిఏకు తెలియజేయాలి. ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే కస్టమ్స్‌కు వివరాలు అందాలి. కస్టమ్స్ దగ్గర ఏడాది పొడుగునా చెల్లే పూచీపత్రం తీసుకోవాలంటే దాని విలువ కనీసం 50,000 డాలర్లు ఉండాలి.

ఒక సంస్థ సరుకు తరచు తప్పుతుంటే ఎఫ్‌డిఏ దానిని హెచ్చరికల జాబితాలో పెడుతుంది. అప్పటినుంచి ఆ సంస్థ సరుకును పరీక్షించకుండానే ఆపివేయవచ్చు. అది నియమాలకు లోబడి ఉందని నిరూపించే భారం తెచ్చినవారిది. ఆ నిరూపణ జరిగేవరకు రేవులోనూ గిడ్డంగిలోనూ అద్దె పెరుగుతూనే ఉంటుంది.

మరో చిక్కు ఏమిటంటే, నిరూపణకు ప్రపంచమంతటికీ ఒకే కొలత లేదు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు కొన్ని భారతీయ మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని అమ్మకాలు ఆపించారు. సూక్ష్మజీవులను చంపడానికి వాడే ఈ వాయువు అవశేషం అమెరికాలో మసాలాలకు పదిలక్షల్లో 7 వంతుల వరకు చెల్లుతుంది. యూరోపియన్ యూనియన్‌లో, లెక్కించే పద్ధతిలో తేడా ఉన్నా, పరిమితి కిలోకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే. ఆఫ్లటాక్సిన్ విషయంలో అమెరికా పరిమితి వందకోట్లలో 20 వంతులు, యూరప్‌లో మిరపకు 10. సాల్మొనెల్లా పోవడానికి చేసిన శుద్ధి ఒక రేవులో సరుకును కాపాడితే మరో రేవులో ఆపించవచ్చు. కనుక 'ఎగుమతి నాణ్యత' అనే మాటకు ఏ దేశానికి అన్నది చేర్చకపోతే అర్థం లేదు. కొనేవాడు ఈ కొలతలను ముందే రాసి ఇవ్వాలి. అమ్మేవాడు వాటిని ఓడకెక్కించక ముందే పరీక్ష చేయించాలి. సుగంధద్రవ్యాల బోర్డుకు గుంటూరులో ప్రయోగశాల ఉన్నది ఇందుకోసమే.

మామిడి: ఒక్క పత్రం

భారతీయ మామిడికి అమెరికా తలుపులు 18 ఏళ్ల విరామం తర్వాత 2007లో తెరుచుకున్నాయి. పండులోని పురుగులను నిర్వీర్యం చేయడానికి కనీసం 400 గ్రేల వికిరణం ఇవ్వాలన్నది షరతు. ఆ పని అమెరికా వ్యవసాయశాఖ ఆమోదించిన కేంద్రంలో, వారి అధికారి సమక్షంలో జరగాలి. బంగినపల్లి తోటలోని పండయినా ముందు అలాంటి కేంద్రానికి చేరి, అక్కడినుంచి విమానం ఎక్కవలసిందే.

2025 మేలో నవీ ముంబైలో వికిరణం పొందిన 15 విమాన సరుకులను అమెరికా విమానాశ్రయాల్లో తిరస్కరించారు. పండులో పురుగు ఉందనో, వికిరణం సరిపోలేదనో ఎవరూ నిర్ధారించలేదు. ఆ ప్రక్రియ జరిగిందని తెలిపే పత్రం జారీ అయిన తీరు సరిగా లేదన్నది అభ్యంతరం. సరుకును వెనక్కి తీసుకుపోవడమో నాశనం చేయడమో తేల్చుకోమన్నారు. పండు ఆగదు, తిరుగు విమానం ఖర్చు పండు ధరను మించుతుంది. ఎగుమతిదారులు నాశనానికే ఒప్పుకున్నారు. నష్టం దాదాపు 5 లక్షల డాలర్లని వార్తలు వచ్చాయి. పత్రం పొరపాటు ఎవరిదైనా, కాలంతో చెడిపోయే సరుకును చేతిలో పట్టుకున్నవాడే నష్టపోయాడు.

సముద్రం, సమ్మె: కాలానికి ధర

2023 నవంబరు 19న యెమెన్‌లోని హూతీలు ఎర్రసముద్రంలో ఒక ఓడను స్వాధీనం చేసుకున్నారు. డిసెంబరుకల్లా పెద్ద ఓడల సంస్థలు సూయెజ్ దారిని వదిలి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టిరావడం మొదలుపెట్టాయి. భారతదేశపు రేవుల నుంచి న్యూయార్క్ వైపు వచ్చే సరుకుకు వారం పదిరోజులకు పైగా ప్రయాణం పెరిగింది. 2024 అక్టోబరు 1న మెయిన్ నుంచి టెక్సస్ వరకు తూర్పు, దక్షిణ తీరాల రేవు కార్మికులు సమ్మెకు దిగారు. తూర్పుతీరంలో అంత పెద్ద సమ్మె 1977 తర్వాత అదే మొదటిది. వేతనాలపై ఒప్పందం కుదరడంతో అది మూడురోజుల్లో ముగిసింది.

ఈ రెండు సందర్భాల్లో సరుకు పోలేదు, ఆలస్యమయింది. అయితే సరుకు సముద్రం మీద ఉన్నన్ని రోజులూ దానిలో పెట్టిన డబ్బు కూడా సముద్రం మీదే ఉంటుంది. చిన్న దిగుమతిదారుకు లాభనష్టాలకంటె ముందు ప్రాణాంతకమయ్యేది ఇదే. పది రోజుల ఆలస్యం పెద్ద సంస్థకు లెక్కల్లో ఒక వరుస. ఒక కంటెయినర్ అమ్మిన డబ్బుతో రెండవది తెప్పించేవాడికి అది ఒక విడత వ్యాపారం.

ఈ చోట ఒప్పందంలోని మాటలు నిర్ణాయకమవుతాయి. ఎఫ్‌ఓబీ పద్ధతిలో సరుకు భారతదేశపు రేవులో ఓడకెక్కగానే దాని ప్రమాదం కొనుగోలుదారుది. సీఐఎఫ్ పద్ధతిలో న్యూయార్క్ వరకు ఓడ ఖర్చూ బీమా ఖర్చూ అమ్మకందారు భరిస్తాడు. అందువల్ల అక్కడివరకు ప్రమాదం కూడా అతనిదే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఖర్చు ఎవరు పెట్టినా, సీఐఎఫ్‌లో కూడా ప్రమాదం ఓడకెక్కినప్పుడే చేతులు మారుతుంది. పైగా అందులో అమ్మకందారు తప్పనిసరిగా చేయించవలసిన బీమా కనీస స్థాయిది. ఆలస్యంవల్ల కలిగే నష్టం సాధారణంగా బీమాలోకి రాదు. బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచినప్పుడు కూడా బ్యాంకు చూసేది పత్రాలనే కానీ బస్తాల్లోని బియ్యాన్ని కాదు. పత్రాలు సరిపోతే డబ్బు చెల్లుతుంది. బియ్యంలో నూక ఎక్కువుంటే ఆ తగాదా వేరే తేల్చుకోవాలి. ఓడకెక్కించే ముందు మూడోపక్షం చేత తనిఖీ చేయించి ఆ నివేదికను కూడా పత్రాల్లో చేర్చమనడం ఇందుకే.

రొయ్య: పేరులేని తెలుగు సరుకు

తెలుగునేల నుంచి అమెరికాకు వచ్చే సరుకుల్లో పెద్దవాటిని చూడాలంటే ఇండియా స్క్వేర్ దాటి మామూలు అమెరికన్ సూపర్‌మార్కెట్‌లో చల్లటి అరలవైపు వెళ్లాలి. అక్కడి సంచిమీద 'భారతదేశపు ఉత్పత్తి' అని చిన్న అక్షరాలలో ఉంటుంది. భీమవరం పేరూ ఉండదు, నెల్లూరు పేరూ ఉండదు. 2009లో వనామీ రకం పెంపకానికి అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి నెల్లూరు దాకా చెరువులు విస్తరించాయి. భారతదేశపు రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. 2024–25లో భారతదేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 745 కోట్ల డాలర్లు. అందులో శీతలీకరించిన రొయ్యలది మూడింట రెండు వంతులకు పైగా. అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా.

2005 నుంచే భారతీయ రొయ్యపై అమెరికాలో డంపింగ్ నిరోధక సుంకం ఉంది. 2024లో సబ్సిడీలకు ప్రతిగా విధించిన 5.77 శాతం సుంకం దానికి తోడయింది. 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న మరో 25 శాతం అదనపు సుంకాలు వచ్చి చేరాయి. అదే సమయంలో ఈక్వడార్ రొయ్యపై అదనపు సుంకం 15 శాతం, ఇండొనీసియాకు 19, వియత్నాంకు 20. సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరాలు రాస్తూ రాష్ట్రానికి రొయ్యల ఎగుమతిలో నష్టం 25,000 కోట్ల రూపాయలని అంచనా చెప్పారు. సగం ఆర్డర్లు రద్దయ్యాయన్నారు.

చట్టప్రకారం సుంకం కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. కానీ కట్టేవాడూ మోసేవాడూ ఒకడే కావాలని లేదు. అమెరికన్ కొనుగోలుదారుకు ఈక్వడార్ ఉంది, ఇండొనీసియా ఉంది, వియత్నాం ఉంది. శుభ్రంచేసి గడ్డకట్టించిన రొయ్య ఏ దేశానిదో తినేవాడికి పెద్దగా తేడా తెలియదు. చెరువులో మూడు నాలుగు నెలలు పెంచిన రైతుకు మాత్రం పట్టుబడి ఆపుకొనే వీలు లేదు. ఆపిన ప్రతిరోజూ మేత ఖర్చు, ఏరియేటర్లకు కరెంటు ఖర్చు, జబ్బు భయం. అందువల్ల సుంకం కొనుగోలుదారు నుంచి ప్రాసెసింగ్ ప్లాంటుకూ, ప్లాంటు నుంచి కౌంటు ధర రూపంలో చెరువు గట్టుకూ దిగింది.

ఒకే సుంకం రెండు సరుకులపై ఎలా పనిచేసిందో పోల్చిచూస్తే విషయం స్పష్టమవుతుంది. 2025 ఆగస్టు సుంకాలు సోనా మసూరికీ వర్తించాయి, రొయ్యకూ వర్తించాయి. బియ్యం కొనే తెలుగు కుటుంబానికి బదులు లేదు కనుక అక్కడ భారం చాలావరకు అంగట్లో ధరగా మారుతుంది. రొయ్య కొనే అమెరికన్‌కు బదులు ఉంది కనుక అక్కడ భారం గోదావరి జిల్లా చెరువుకు చేరుతుంది. అదే ఏడాది నవంబరులో కొన్ని మసాలా దినుసులకూ ఉష్ణమండలపు పండ్లకూ ఆ సుంకాల నుంచి మినహాయింపు దొరికింది. రొయ్యకు దొరకలేదు. ఏ రేటు ఎంతకాలం నిలిచినా ఈ తర్కం మారదు.

ప్రత్యామ్నాయాన్ని అమ్మేవాడూ పెంచుకోవచ్చు. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మరో 102 భారతీయ చేపల, రొయ్యల ఉత్పత్తి కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. అయితే ఇలాంటి అనుమతులు యాంటీబయాటిక్ అవశేషాలపై, చెరువు నుంచి పెట్టె దాకా ఉన్న రికార్డులపై ఏళ్ల తరబడి జరిగే తనిఖీల తర్వాత వస్తాయి. కష్టకాలంలో పనికివచ్చే రెండో మార్కెట్‌ను బాగున్నకాలంలోనే సంపాదించుకోవాలి.

దిగాలనుకొనేవారికి

అమెరికాలోని తెలుగు ఉద్యోగులకు ఊళ్లో మిల్లు నడిపే బంధువో, కోల్డ్ స్టోరేజీ ఉన్న మిత్రుడో ఉండటం అరుదు కాదు. సరుకు తెలుసు, మనిషి తెలుసు, కొనేవాళ్లు చుట్టూ ఉన్నారు అన్న ధైర్యంతో వ్యాపారం మొదలవుతుంది. ఆ మూడూ నిజమైన బలాలే. బిపిటికీ ఆర్‌ఎన్‌ఆర్‌కూ తేడా, కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ తేడా, తేజకూ సన్నానికీ తేడా తెలిసినవాడిని మోసగించడం కష్టం. కానీ పైన చూసిన సందర్భాల్లో ఏ ఒక్కటీ సరుకు తెలియకపోవడంవల్ల రాలేదు. బంధుత్వం ధర దగ్గర పనికొస్తుంది. ఎగుమతి నిషేధం దగ్గరా, పత్రం దగ్గరా అది అక్కరకు రాదు.

అందువల్ల మొదటి కంటెయినర్‌కు ముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రభుత్వం ఎగుమతి ఆపేస్తే ఇచ్చిన అడ్వాన్సు ఎన్నిరోజుల్లో తిరిగివస్తుంది? సుంకం మధ్యలో మారితే తేడా ఎవరిది, లేక ఎలా పంచుకుంటారు? రేవులో నమూనా తప్పితే తిరుగు ఖర్చూ నాశనం ఖర్చూ ఎవరు భరిస్తారు? ఆహారభద్రతా నియమం కింద దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటుంది? ఓడ నెలరోజులు ఆలస్యమైనా నిలదొక్కుకొనే డబ్బు ఉందా? బంధువుతోనే అయినా వీటిని కాగితం మీద పెట్టుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు. నష్టం వచ్చిన తర్వాత బంధుత్వం నిలవడానికి అదే ఆధారం. మొదట్లో ఇప్పటికే నియమాలు పాటిస్తున్న దిగుమతిదారు కంటెయినర్‌లో కొంత జాగా తీసుకొని సరుకు తెప్పించి చూడటం, సొంతంగా మొత్తం పెట్టె నింపడంకంటె తక్కువ ఖర్చుతో ఈ విషయాలు నేర్పుతుంది.

ఉద్యోగ వీసాల మీద ఉన్నవారికి మరో హద్దు ఉంది. హెచ్-1బి మీద ఉన్న వ్యక్తి విడిగా అనుమతి పొందకుండా తన సొంత సంస్థలోనైనా పనిచేయకూడదు. పెట్టుబడి పెట్టడం వేరు, రోజువారీ పని చూడటం వేరు. మిల్లుతో బేరమాడటం, కస్టమ్స్ పత్రాలు నింపడం పని కిందికే వస్తాయి. సరుకు ఆగితే డబ్బు పోతుంది, ఇక్కడ పొరపడితే దేశంలో ఉండే హక్కే చిక్కులో పడుతుంది. న్యాయవాది సలహా తీసుకోవలసిన మొదటి చోటు ఇది.

చవకగా దొరికే చోటు ఏటా మారుతుంది. చైనాలో కూలి పెరిగితే వియత్నాం, వియత్నాంపై సుంకం పెరిగితే ఇంకో దేశం. నష్టం ఎవరివైపు ఒరుగుతుందన్న లెక్క అంత త్వరగా మారదు. బదులు దొరకని సరుకును కొనేవాడు నిల్వ పెంచుకోవాలి, బదులు సులువుగా దొరికే సరుకును అమ్మేవాడు మార్కెట్లు పెంచుకోవాలి, చెడిపోయే సరుకును మోసేవాడు ప్రతి పత్రాన్నీ రెండుసార్లు చూసుకోవాలి. నెవార్క్ అవెన్యూ అంగట్లో బియ్యం బస్తాకు పెరిగిన నాలుగు డాలర్లూ, భీమవరం చెరువు గట్టుమీద కిలో రొయ్యకు తగ్గిన ధరా ఒకే లెక్కలోని రెండు వైపులు. ఆ రెండు చోట్లా మనుషులు తెలిసినవారు ప్రవాస తెలుగువారిలో చాలామంది ఉన్నారు. ఇక్కడి కొనుగోలుదారు ఏ పరీక్షలు అడుగుతున్నాడో అక్కడి రైతుకూ, అక్కడి పంట ఏ స్థితిలో ఉందో ఇక్కడి దిగుమతిదారుకూ ముందుగా చెప్పగలిగితే, వారు ఒక్క బస్తా కూడా కొనకుండానే ఈ వర్తకంలో ఒక పనికివచ్చే పాత్ర పోషించినవారవుతారు.